పాదం నేలను తాకేలోపే వెలుగు

రాత్రి రెండున్నర. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఓ పాత ఇల్లు. డెబ్బై దాటిన నాయనమ్మకు మెలకువ వచ్చింది. మంచం నుంచి బాత్రూమ్ పన్నెండు అడుగులు కూడా ఉండదు. మధ్యలో ఒక గడప. స్విచ్‌బోర్డు ఆ గడప దాటాక, తలుపు వెనక. ఏళ్ల తరబడి నడుస్తున్న దారే కదా అని గోడ పట్టుకుని వెళ్లింది. ఆ రాత్రి చీర అంచు కాలికి అడ్డం పడింది. మణికట్టు విరిగింది. తుంటి విరగనందుకు ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు.

పొద్దున చేతికి కట్టు వేయించుకుని వస్తుంటే మనవడు విసుక్కున్నాడు. ‘‘లైటేసుకుని పోవచ్చు కదా నాయనమ్మా!’’ ఆమె ఒకటే మాట అంది. ‘‘లైటేస్తే మీ తాత లేస్తడు బిడ్డా. లేస్తే మళ్ల నిద్ర వట్టదు ఆయనకు.’’

మీ ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒకసారి అడిగి చూడండి. స్విచ్ ఎక్కడుందో తెలియక చీకట్లో నడిచేవాళ్లు తక్కువ. పక్కవాళ్ల నిద్ర పాడవుతుందని, కరెంటు దండగని, నాలుగడుగులకు లైటెందుకులే అని నడిచేవాళ్లే కనిపిస్తారు. వాళ్లకు ఎంత చెప్పినా ఆ అలవాటు మారదు. వాళ్లు వేయక్కర్లేకుండా తనంతట తానే వెలిగే దీపం పెట్టడమే దారి. మనిషి కదలికను పసిగట్టి వెలిగే మోషన్ సెన్సర్ లైట్లు ఇప్పుడు అబిడ్స్ నుంచి కోఠి వైపు వెళ్లే దారిలోని ట్రూప్ బజార్ ఎలక్ట్రికల్ షాపుల్లో మామూలు సరుకే. కొనడం తేలిక. చిక్కంతా బిగించడంలోనూ, సరిగ్గా తిప్పుకోవడంలోనూ ఉంది. సరిగా అమర్చని సెన్సర్ చీకటి కన్నా చెడ్డది. చీకట్లో మనిషి జాగ్రత్తగా నడుస్తాడు. వెలుగుందని ధీమాగా నడుస్తుండగా సగం దారిలో ఆరిపోతే?

రాత్రే ఎందుకు పడతారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడటం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. రోడ్డు ప్రమాదాల తర్వాత ప్రమాదవశాత్తు జరిగే మరణాలకు ఇదే రెండో పెద్ద కారణం. ప్రాణం పోయేంతగా పడేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

వయసు మీద పడ్డ కంటి సంగతి చూడండి. కంటిపాప కుంచించుకుపోతుంది, లెన్సు పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి వెనక రెటీనాకు చేరే వెలుగులో అరవై ఏళ్ల మనిషికి అందేది దాదాపు మూడో వంతే. అంటే మీకు ‘కొంచెం మసకగా ఉంది’ అనిపించే గది మీ నాన్నగారికి చీకటి గదే.

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. లైటు వేసుకుని వెళ్లినవాళ్లకు కూడా తిరుగు ప్రయాణంలో ప్రమాదం ఉంటుంది. బాత్రూమ్ ట్యూబ్‌లైటు వెలుగులో రెండు నిమిషాలు ఉండి, స్విచ్ ఆపేసి, మంచం దాకా చీకట్లో నడుస్తారు. అప్పటికి కన్ను చీకటి అలవాటును పోగొట్టుకుని ఉంటుంది. వెళ్లేటప్పటి కన్నా వచ్చేటప్పుడే తక్కువ కనిపిస్తుంది.

దీనికి తోడు బీపీ. పడుకున్న మనిషి గబుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగుతుంది. లేచిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు, అంతకు మించి పడిపోతే కళ్లు తిరుగుతాయి, తూలుతారు. బీపీకి, ప్రోస్టేట్ ఇబ్బందికి వాడే కొన్ని మందులతో ఇది ఎక్కువవుతుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే రాత్రి రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది. ఆ మాత్రను పొద్దుటికి మార్చుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. మీకు మీరే మార్చేయకండి. ఇక షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. మెట్టు ఉందో లేదో కాలు చెప్పలేదు. ఆ పని కన్నే చేయాలి. కంటికి వెలుగు కావాలి.

అలాగని మంచం మీద కళ్లు జిగేల్‌మనేలా తెల్లటి వెలుగు పడకూడదు. రెటీనాలో నీలి కాంతికి స్పందించే ప్రత్యేక కణాలుంటాయి. అవి ‘తెల్లారింది’ అని మెదడుకు కబురు పంపితే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. తాతయ్యకు మళ్లీ నిద్ర పట్టకపోవడం వట్టి మాట కాదన్నమాట. అందుకే రాత్రి దీపం వెచ్చని పసుపు రంగులో, నేలకు దగ్గరగా, కంటికి నేరుగా తగలకుండా ఉండాలి. ప్యాకెట్ మీద ‘వామ్ వైట్’ అనో, 2700 లేదా 3000 కెల్విన్ అనో ఉన్నది తీసుకోండి. 6500 అని ఉంటే అది పగటి తెలుపు. వంటింటికి పనికొస్తుంది, పడకగదికి వద్దు.

షాపులో అడగాల్సింది

సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. పీఐఆర్ అనేది మన ఒంటి వేడిని చూస్తుంది. దానంతట అది ఏ తరంగాలనూ వదలదు. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ బుడగ ఒక లెన్సు. అది గదిని చాలా ముక్కలుగా విడగొట్టి చూస్తుంది. వెచ్చని శరీరం ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దాటితేనే దానికి కదలిక తెలుస్తుంది. అందుకే అడ్డంగా నడిచే మనిషిని వెంటనే పట్టుకుంటుంది. ఎదురుగా నేరుగా వచ్చే మనిషిని ఆలస్యంగా గుర్తిస్తుంది. కదలకుండా కూర్చున్నవాళ్లు దానికి లేనట్టే.

రెండోది మైక్రోవేవ్ లేదా రాడార్ సెన్సర్. సన్నటి రేడియో తరంగాలను వదిలి, తిరిగొచ్చిన వాటిని బట్టి కదలికను పసిగడుతుంది. చిన్న కదలిక కూడా తెలుస్తుంది. వేడితో దానికి పనిలేదు. ‘రేడియేషనేమో’ అని భయపడక్కర్లేదు, చెవి దగ్గర పెట్టుకునే ఫోన్ వదిలేదానితో పోలిస్తే అది చాలా చాలా తక్కువ. దీనితో వచ్చే ఇబ్బంది వేరు. సన్నటి గోడలు, చెక్క తలుపులు దీనికి అడ్డుకావు. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పక్కింటివాళ్లు నడిచినా మీ ఇంట్లో లైటు వెలుగుతుంది. తిరిగే ఫ్యాన్ రెక్కల్ని కూడా మనిషే అనుకుంటుంది. పడకగదికి పీఐఆర్, బాత్రూమ్‌కు రాడార్ అని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది.

వైరింగ్ జోలికి పోకూడదనుకుంటే ఛార్జింగ్ పెట్టుకునే సెన్సర్ పట్టీలున్నాయి. అయస్కాంతంతో అతుక్కుంటాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, చెక్క పట్టీల మీద నడిచే పాత వైరింగ్ ఉన్న ఇళ్లకు ఇవే మేలు. కరెంటు పోయినా వెలుగుతాయి. ఒకటే తంటా, ఛార్జింగ్ పెట్టడం ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ప్రతి ఆదివారం అని పెట్టుకోండి. అది కూడా పెద్దవాళ్ల మీద వేయకండి, ఇంట్లో ఫోన్ ఎక్కువ చూసేవాళ్లకు అప్పగించండి.

ఎక్కడ పెట్టాలి?

ఎలక్ట్రీషియన్ వస్తే ముందుగా చూసేది పైకప్పు వైపే. అబిడ్స్, నాంపల్లి పాత ఇళ్లలో కప్పులు బాగా ఎత్తు. ఇంట్లో బిగించే సెన్సర్లు సాధారణంగా ఏడు నుంచి పన్నెండు, పదమూడు అడుగుల ఎత్తు వరకే లెక్కగా పనిచేస్తాయి. అంతకు పైన పెడితే ముసలమ్మ మెల్లగా వేసే అడుగు దానికి ఆనదు. పైగా అంత పైనుంచి గది మొత్తం కనిపిస్తుంది కాబట్టి, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినా లైటు వెలుగుతుంది. రాత్రికి పదిసార్లు అలా వెలిగితే నాలుగో రోజు తాతయ్యే దాన్ని పీకించేస్తారు.

పడకగదిలో సెన్సర్ చోటు మంచం కిందే. పరుపు కన్నా దిగువన, మంచం పక్క చెక్కకు లోపలి వైపు, నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండాలి. అక్కడి నుంచి దానికి పరుపు మీది మనిషి కనిపించడు. కిందికి దిగిన పాదాలే కనిపిస్తాయి. దీపం కూడా అక్కడే ఉంటే వెలుగు నేల మీద పరుచుకుంటుంది, పక్కన పడుకున్నవాళ్ల కళ్లలో పడదు. మనిషి మంచం అంచున కూర్చుని కాళ్లు కిందపెట్టగానే వెలగాలి. డాక్టర్లు చెప్పే ‘ఒక నిమిషం కూర్చుని లేవండి’ అన్న జాగ్రత్తకు ఇది సరిగ్గా సరిపోతుంది. కళ్లజోడు, చెప్పులు ఆ వెలుగులోనే కనిపిస్తాయి.

దారిలో ఇంకో సెన్సర్ కావాలి. దాన్ని బాత్రూమ్ తలుపు పైన, మంచానికి ఎదురుగా పెడుతుంటారు. అది తప్పు. నడిచే మనిషి దానివైపు నేరుగా వస్తాడు కాబట్టి పీఐఆర్ ఆలస్యం చేస్తుంది. దారికి పక్క గోడకు పెడితే మనిషి దాని ముందు నుంచి అడ్డంగా దాటుతాడు. మొదటి అడుగుకే వెలుగుతుంది. గడప ఉంటే, ఆ గడప మీద వెలుగు పడేలా చూడండి.

కూలర్, ఏసీ గాలి నేరుగా తగిలేచోట, ఊగే కర్టెన్ పక్కన, దేవుడి గూట్లో దీపం ఎదురుగా పీఐఆర్ పెట్టకండి. ఇక బల్లుల సంగతి. దీపం చుట్టూ పురుగులు, పురుగుల కోసం బల్లి, బల్లి లెన్సు మీద పాకితే లైటు. రాత్రి ఊరికే వెలుగుతోందంటే దయ్యమనుకోవద్దు, ముందు బల్లిని వెతకండి.

మూడు మరలు తిప్పడం

వైరింగ్ చేసే సెన్సర్ల కింద సాధారణంగా మూడు చిన్న మరలుంటాయి. ఒకటి ఎంత దూరం చూడాలో చెప్పేది. రెండోది ఎంతసేపు వెలగాలో. మూడోది ఎంత చీకటి పడ్డాక పనిచేయాలో, దాని మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలుంటాయి. ఎలక్ట్రీషియన్ బిగించి, చెయ్యి ఊపి, వెలిగిందని చూపించి డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. అది మీరే చేయాలి.

కరెంటు ఇచ్చాక అర నిమిషం నుంచి నిమిషం దాకా సెన్సర్‌ను దాని మానాన వదిలేయండి. అది గదికి అలవాటు పడుతుంది, ఆలోగా వెలిగి ఆరినా పట్టించుకోవద్దు. తర్వాత పగలే పరీక్షకు వీలుగా చీకటి మరను సూర్యుడి వైపు పూర్తిగా తిప్పండి. సమయం మరను అన్నిటికన్నా తక్కువకు పెట్టండి. ఇప్పుడు నడిచి చూడాలి. మీరు కాదు, ఎవరి కోసం పెడుతున్నారో వాళ్లు నడవాలి. మీరు టకటకా నడిస్తే ఏ సెన్సరైనా వెలుగుతుంది. మోకాళ్ల నొప్పితో, కాలు ఈడుస్తూ, చిన్న చిన్న అడుగులతో నడిచే అమ్మకు వెలుగుతుందా అన్నదే పరీక్ష. అమ్మను మంచం మీద పడుకుని అటూ ఇటూ దొర్లమనండి. వెలగకూడదు. కాళ్లు కింద పెట్టమనండి. వెలగాలి. దొర్లినా వెలుగుతుంటే లెన్సులో మంచం వైపున్న భాగం మీద చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క అతికించండి. మర తిప్పడం కన్నా ఈ టేపు ముక్కే చాలాసార్లు బాగా పనిచేస్తుంది.

అది కుదిరాక సమయం. చాలా ఇళ్లలో దీన్ని ‘కరెంటు ఆదా’ అని ముప్పై సెకన్లకో, నిమిషానికో పెడతారు. ఒక లెక్క చూడండి. ఐదు వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా ఎనిమిది గంటలు వెలిగినా నెలకు 1.2 యూనిట్లే. మీరు సెన్సర్‌తో మిగిల్చేది ఆ ఒక్క యూనిట్‌లో కొంత. దానికోసం తుంటి ఎముకను పణంగా పెట్టక్కర్లేదు. మంచం దిగినప్పటి నుంచి మళ్లీ పడుకునే దాకా ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచే మనిషికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి కొలవండి. నాలుగు నిమిషాలైతే ఎనిమిదికి పెట్టండి. అన్ని మోడళ్లూ అంతసేపు వెలగవు, కాబట్టి కొనేముందే గరిష్ఠ సమయం ఎంతో అడగండి.

చివరగా చీకటి మర. దీన్ని సాయంత్రం, లైటు వేసుకుందామా అనిపించే వేళ సరిచేయాలి. చంద్రుడి వైపు కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆ వెలుతురులో నడిస్తే వెలిగేచోట ఆపండి. మరీ చివరిదాకా తిప్పితే వీధి దీపం వెలుగు కిటికీలోంచి పడ్డా ‘ఇంకా చీకటి పడలేదు’ అనుకుని వెలగదు. అబిడ్స్ మెయిన్ రోడ్డు వైపు కిటికీలున్న ఇళ్లలో, షాపుల బోర్డుల వెలుగు రాత్రి చాలాసేపు లోపలికి వస్తుంది కాబట్టి ఇది తప్పకుండా చూసుకోవాలి. దీపం వెలుగు సెన్సర్ మీదే పడుతుంటే కూడా తంటానే. కొన్ని మోడళ్లు వెలిగి, ఆరి, మళ్లీ వెలిగి, ఆడుకుంటున్నట్టు చేస్తాయి. సెన్సర్‌ను కాస్త పక్కకు జరపండి.

రంగు చూసి వైరు కలపొద్దు

సెన్సర్‌కు మూడు వైర్లు ఉంటాయి. చాలావాటిలో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఎరుపు దీపానికి వెళ్లేది. మన ఇళ్ల వైరింగ్‌లో ఎరుపంటే ఫేజ్, నలుపంటే న్యూట్రల్. కొన్నిచోట్ల నీలం కూడా ఫేజే. ఎరుపు చూసి ఎరుపుకు కలిపేస్తే సెన్సర్ పనిచేయదు, కాలిపోవచ్చు కూడా. ప్యాకెట్ మీది బొమ్మ చూసి కలపమనండి. పాత ఇళ్లలో ఇంకో చిక్కు, స్విచ్‌బోర్డులో న్యూట్రల్ వైరు ఉండకపోవచ్చు. న్యూట్రల్ అక్కర్లేని రెండు వైర్ల సెన్సర్లు కూడా ఉన్నాయి గానీ, వాటితో కొన్ని ఎల్‌ఈడీలు ఆరాక కూడా మిణుకుమిణుకుమంటాయి. వీలైతే బల్బు హోల్డర్ దగ్గర కలిపించడమే మంచిది. ఈ పని మెయిన్ ఆపి, లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. పనిలో పనిగా ఇంటికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి. అర్ధరాత్రి తడి చేతితో స్విచ్ ముట్టుకునే ఇంట్లో అది లేకపోవడం పడిపోవడం కన్నా పెద్ద ప్రమాదం.

ఇంకో స్విచ్ కూడా అడగండి. సెన్సర్‌తో పనిలేకుండా లైటును ఎప్పుడూ వెలిగేలా ఉంచే బైపాస్ స్విచ్. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేని రోజు, సెన్సర్ మొరాయించిన రోజు అదే ఆదుకుంటుంది. ఇన్వర్టర్ ఉంటే ఈ లైటును ఆ లైన్‌లోకి మార్పించండి.

ఇన్ని చేశాక సెన్సర్‌ను ఓడించేది మన అలవాటే. గదిలోంచి బయటికి వస్తూ స్విచ్ ఆపేయడం తాతయ్యల తరానికి రక్తంలో ఉంది. సెన్సర్‌కు ముందున్న స్విచ్ ఆపేస్తే ఆ రాత్రి అది చచ్చినట్టే. ఆ స్విచ్‌ను టేపుతో బిగించేయండి.

బాత్రూమ్, మెట్లు

బాత్రూమ్‌లో పీఐఆర్ పెడితే కమోడ్ మీద కదలకుండా కూర్చున్న మనిషిని అది మర్చిపోతుంది. లైటు ఆరిపోతుంది. చేతులూపుతూ కూర్చోవాల్సి వస్తుంది, ఇది నవ్వులాటలా ఉన్నా పెద్దవాళ్లు కంగారుగా లేచేది అప్పుడే. రాడార్ రకం పెట్టండి. అది లేకపోతే, నా మాట వింటే, బాత్రూమ్‌లో సెన్సరే వద్దు. అర వాటు ఎల్‌ఈడీ జీరో బల్బు రాత్రంతా వెలగనివ్వండి. పాత గాజు జీరో బల్బుకు పేరే జీరో, పదిహేను వాట్ల దాకా తాగేది. అందుకే మన పెద్దలకు దాన్ని ఆర్పాలనే తపన. ఇప్పటిది అలా కాదని వాళ్లకు చెప్పండి.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లున్న గదిలో కూడా ఇదే నయం. ఎవరూ వేయకుండా లైటు వెలిగితే వాళ్లు ‘ఎవరో వచ్చారు’ అని బెదిరిపోవచ్చు. మసకగా, కదలకుండా వెలిగే దీపం వాళ్లకు ధైర్యం.

లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్లలో మెట్ల దగ్గర ఒక అంతస్తుకు ఒక సెన్సర్ పెట్టి, మలుపును వదిలేస్తారు. పై నుంచి దిగే మనిషి మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే వెలగాలి. కాబట్టి ప్రతి మలుపుకూ, ప్రతి చివరకూ ఒకటి ఉండాలి. ఇక్కడ కూడా సమయం మరను అసోసియేషన్‌లో కరెంటు బిల్లు చూసే సెక్రటరీ కాదు, నాలుగో అంతస్తు మామ్మగారు కూరల సంచితో ఎక్కేదాన్ని బట్టి పెట్టాలి.

ఎండాకాలం ముందు ఒకసారి అన్నీ మళ్లీ పరీక్షించండి. మన ఒంటి పై చర్మం వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో పై అంతస్తు గదులు రాత్రి కూడా దాదాపు అంతే వేడిగా ఉంటాయి. మనిషికీ గోడకూ వేడిలో తేడా లేనప్పుడు పీఐఆర్‌కు మనిషి ఆనడు. డిసెంబర్‌లో గది అవతలి మూల నుంచి పట్టుకున్న సెన్సర్ మేలో నాలుగడుగుల దగ్గరికి వచ్చేదాకా వెలగకపోవచ్చు. పాడైందని పారేయకండి. దూరం మరను పూర్తిగా పెంచండి, లెన్సు మీద దుమ్మును పొడి గుడ్డతో తుడవండి, చలికాలంలో అతికించిన టేపు ముక్కను అవసరమైతే తీసేయండి. ఆ తర్వాత అమ్మను మళ్లీ ఒకసారి మంచం దిగి నడవమనండి.